గడువు పెడితే చాలదు

అచ్యుతాపురం: జి.మాడుగుల మండలం వాకపల్లి గిరిజన స్త్రీలు, పోలీసులు తమపై అత్యాచారం జరిపారని 2007 ఆగస్టులో ఫిర్యాదు చేశారు. కేసు కొట్టివేయాలని నిందితులు పై కోర్టులకెక్కడంతో పదేళ్లు విచారణే సాగలేదు. ఆరు నెలల్లో ముగించాలని 2017లో సుప్రీం కోర్టు ఉత్తరువిచ్చినా, విశాఖలో తీర్పు వెలువడింది 2023 ఏప్రిల్‌లో. 13 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టిన న్యాయస్థానమే దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మన్నది.

ఏళ్లు గడిస్తే సాక్ష్యం చెదురుతుంది. ఫిర్యాదికి న్యాయం అందదు, నిర్దోషికి నింద పోదు. సత్వర విచారణ పౌరుల హక్కని సుప్రీం కోర్టు 1979లోనే చెప్పింది. వాయిదాలకు తిరిగేది మన్యం గిరిజనుడైనా, అచ్యుతాపురం కూలీ అయినా ఆ హక్కు ఒక్కటే. గడువు విధించిన పై కోర్టు, అది దాటిననాడు సంజాయిషీ కూడా అడగాలి. అడిగేవారు లేని గడువు కాపలా లేని చేను వంటిది.