అంకెతోపాటు ప్రమాణమూ చదవండి

కోనరావుపేట రైతుకు తూకం గురించి ఎవరూ నేర్పనవసరం లేదు. ధాన్యం క్వింటాలుకు కిలో తరుగు తీసినా నిలదీస్తాడు. ఆ జాగ్రత్త మందుబిళ్లల విషయంలోనూ ఉండాలన్నది నా అభిప్రాయం.

కిలోకు 1000 గ్రాములు, గ్రాముకు 1000 మిల్లీగ్రాములు, మిల్లీగ్రాముకు 1000 మైక్రోగ్రాములు. రక్తహీనత నివారణకు ప్రభుత్వం గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. అంకెలు చూస్తే రెండవదే ఎక్కువనిపిస్తుంది. నిజానికి అది అర మిల్లీగ్రామే. ఇనుములో 120వ వంతు. దుకాణంలో దొరికే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర స్వల్పమనిపిస్తుంది. కానీ అది 5000 మైక్రోగ్రాములు, ఎర్ర మాత్రలోని దానికి పది రెట్లు. పైగా అందులో ఇనుము ఉండదు. ఒకదానికి మరొకటి బదులు కాదు.

థైరాయిడ్ మాత్రలు 25, 50, 100 మైక్రోగ్రాములలో వస్తాయి. 0.1 మిల్లీగ్రాము అన్నా 100 మైక్రోగ్రాములే. ‘సున్నా పాయింట్’ చూసి తక్కువ మోతాదు అనుకుని ఎక్కువ మింగితే గుండెదడ రావచ్చు.

కనుక వైద్యులు చీటీపై ‘మైక్రోగ్రాములు’ అని పూర్తిగా రాయాలి. మీరు పాత అట్టను, కొత్త అట్టను పక్కపక్కన పెట్టి, అంకెను, ప్రమాణాన్ని సరిపోల్చండి. తేడా కనిపిస్తే మింగకముందే అడగండి.