కట్టు తప్పిందెవరు?

సిద్దిపేటలో డిగ్రీ చదివే మన పిల్లల సోషియాలజీల విచలనం అనే పాఠం ఉంటది. సమాజం కట్టుబాటు దాటినోడు విచలితుడట. మేం అడుగుతున్నం: ఆ కట్టుబాటు పెట్టిందెవరు? పెట్టేనాడు మాల మాదిగలను అడిగిండ్రా?

తప్పు మనిషి చేసిన పనిలో ఉండదు, నియమం పెట్టి ముద్ర వేసేటోళ్ల చేతిలో ఉంటదని 1963లో అమెరికా సోషియాలజిస్టు హోవర్డ్ బెకర్ రాసిండు. మన వాడలకు ఇది ఎప్పుడో తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చిండ్రు. ఎరుకల బిడ్డ పుట్టుకతోనే దొంగ అయ్యిండు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు.

1985లో కారంచేడు మాదిగలు తాగే నీళ్లు ఖరాబు చేయొద్దన్నరు. ఆరుగురిని చంపిండ్రు. 1991లో చుండూరు సినిమా హాల్ల కాలు తగిలిందన్న లొల్లి ముదిరి ఎనిమిది మందిని నరికిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. దీన్నే సామాజిక నిర్మాణం అంటరు. భూమి, గుడి, పెళ్లి, కచేరి అన్నీ ఒక్క దిక్కే మొగ్గుతయి.

రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి అంటరానితనాన్ని నిషేధించింది. ఆ లెక్కన రెండు గ్లాసులు పెట్టిన హోటలోడే విచలితుడు. ఊరు మాత్రం డప్పు కొట్టనన్నోన్ని వెలేస్తది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పరీక్షల పుస్తకం జవాబే రాయండి, మార్కులు తెచ్చుకోండి. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగి అంబేద్కర్ సుత ఆ కట్టు తప్పిండని మర్వకుండ్రి. మనమూ తప్పుదాం.