విజయనగర వీధిలో బ్యాటరీ బండి

క్రీ.శ. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, ఆ పట్టణము ఎంత పెద్దదో వ్రాయబోయి వెనుకాడెను. ఒక్క తావున నిలిచి చూచినచో కన్నులకందునది కాదని తెలిసి ఒక కొండ యెక్కెను. అక్కడినుండియు అంతయు కనబడలేదు. కొండల వరుసల మాటున నగరము ఇంకను మిగిలియుండెను. కనబడినంత మేర మాత్రము రోము నగరమంత యున్నదనియు, చూడముచ్చటగా నున్నదనియు వ్రాసి పోయెను. ఆ వ్రాతను రాబర్టు స్యూయెల్ 1900 లో ఇంగ్లీషు చేసి ప్రకటించినది మొదలు, హంపిని గూర్చి మాటలాడిన వారందరును ఈ పోలికను చెప్పుచునే యున్నారు.

నేడు ఆ రెండు నగరములకును మరియొక పోలిక కుదిరినది. గాల్ఫు ఆటగాండ్రను మైదానమున ఒక మూలనుండి మరియొక మూలకు చేరవేయుటకై పుట్టిన చిన్న బ్యాటరీ బండి, రెండు చోట్లను యాత్రికులను మోయుచున్నది. రోములో నల్లరాతి దిమ్మలు పరచిన ఇరుకు సందులలో పెద్ద బస్సులు దూరవు; నగర మధ్యమున కార్లకు కట్టుబాట్లు పెక్కు. అందుచేత నలుగురైదుగురు కూర్చుండు ఈ బండి అక్కడ చక్కగా చెల్లుబాటైనది. ట్రేవీ జలయంత్రము, పాంథియను, నవోనా చౌకము చూచుకొని, అవెంటీను కొండపై ఒక తలుపు తాళపు రంధ్రమునుండి సెయింటు పీటరు దేవళపు గుమ్మటమును తొంగిచూచి, పూటలోపల బసకు చేరవచ్చును. ఫోరము శిథిలములలోనికి మాత్రము బండి పోదు. పైనున్న కాపిటోలు కొండనుండి క్రిందికి చూచి, వేయేండ్ల చరిత్రకు అక్కడినుండియే నమస్కరించి మరలుదురు.

హంపిలో ఈ బండి ఊరంతయు తిరుగదు. విఠలాలయమునకు పోవు దారిలో, గెజ్జెల మంటపము ప్రాంతమున బస్సులను కార్లను ఆపివేయుదురు. అక్కడినుండి ఆలయ గోపురము వరకు ఉన్న సుమారు ఒక కిలోమీటరు మాత్రమే బండి ప్రయాణము. కాని తక్కిన హంపిని బస్సుమీదను ఆటోమీదను చూచు విధానమునకును దీనికిని భేదము లేదు. చూడవలసిన స్థలములు ఇవి యని ముందుగానే ఎవరో నిర్ణయించియుందురు. బండి ఆగిన చోట దిగుట, గైడు చెప్పినది వినుట, ఫొటో తీసికొనుట, మరల ఎక్కుట. ఆగిన చోటుల నడుమ ఏమున్నదో ఎవరును అడుగరు.

బండిని తిట్టుట ఇక్కడ ఉద్దేశము కాదు. హంపి యెండ సామాన్యమైనది కాదు. వేసవిలో ఆ బండరాళ్ళ నడుమ నడచుట కొలిమి ప్రక్క నడచినట్లుండును. మోటారుల పొగయు అదురును ఆ కట్టడములకు మంచివి కావు. అట్టి చోట చప్పుడు లేని బండి రావలసినదే. ఆ బండ్లను స్థానికులైన స్త్రీలు నడుపుట కూడ మెచ్చదగిన విషయమే. అన్నిటికంటె ముఖ్యముగా, ముప్పది యేండ్లు పెద్దన పద్యములను పాఠము చెప్పి, మోకాళ్ళనొప్పులతో ఉద్యోగము విరమించిన పంతులుగారు, ఆ పద్యములు పుట్టిన కాలపు నగరమును కన్నులార చూడవలెనన్నచో వారికి ఈ బండియే దిక్కు. కాళ్ళు చక్కగా ఉన్నవారు దీనిని పరిహసించుట మర్యాద కాదు. (గాల్ఫు ఆటయే మొదట నడకమీద నడచిన ఆట. స్కాట్లండులో సెయింటు ఆండ్రూస్ పాత మైదానమున ఆటగాండ్రు నేటికిని సామాన్యముగా నడచియే ఆడుదురు. ఆటకే అక్కరలేదనుకొన్న బండి చరిత్రకు అక్కరకు వచ్చినది!)

చిక్కంతయు పదునాలుగేండ్ల పిల్లవాడు ఆ బండి యెక్కినప్పుడు వచ్చుచున్నది.

బండి కొన్ని నిమిషములలో దాటివేయు ఆ కిలోమీటరు ఉత్త దారి కాదు. అది విఠలాలయపు బజారు వీధి. ఇరుప్రక్కల రాతి స్తంభముల మంటపములు బారులు తీరి యుండెను. కొన్ని నిలిచియున్నవి, పెక్కు కూలియున్నవి. దారిలో గుర్రపు బొమ్మల స్తంభములతో కుదురెగొంబె మంటపమున్నది. వీధి ప్రక్కనే నడుమ మంటపముతో పుష్కరిణి యున్నది. స్వామివారి తెప్పోత్సవము జరిగిన నీరది. విఠలస్వామి రథము కదలినది ఈ వీధిలోనే. ఈ వెడల్పు, ఈ పొడవు కాలికి తెలిసినగాని, రాయలనాటి బజారులను గూర్చి పాఠ్యపుస్తకములో చదివిన వాక్యమునకు కొలత దొరకదు. బండిలో కూర్చున్న పిల్లవానికి మాత్రము ఇది అసలు చోటు రాకముందు గడుపవలసిన వ్యవధి. వాని చూపు ముందున్న గోపురముమీదనో, చేతిలోని సెల్‌ఫోనుమీదనో ఉండును.

ఆ అసలు చోటు రాతిరథము. 2017 నుండి ఏబది రూపాయల నోటు వెనుక అచ్చయిన బొమ్మ గనుక, పిల్లలు దానిని చూడగనే గుర్తించి కేకలు వేయుదురు. ఏకశిలా రథమని ఎవరో ఒకరు చెప్పుదురు, అది పొరపాటు. పెక్కు రాళ్ళను అతుకు తెలియకుండ కూర్చి కట్టిన గరుడాలయమది. ముందున్న యేనుగులు తరువాత తెచ్చి పెట్టినవి. మొదట గుర్రములుండెననుటకు గురుతుగా వాని తోకలు, వెనుక కాళ్ళు నేటికిని రాతిమీద నిలిచియున్నవి. 1856 లో అలెగ్జాండర్ గ్రీన్లా అను సైనికోద్యోగి తీసిన ఛాయాచిత్రములో ఈ రథముమీద ఇటుకలతో కట్టిన శిఖరము కూడ కనబడుచున్నది. నేడు అది లేదు. ఈ మూడు సంగతులలో రెండింటికి పుస్తకము అక్కరలేదు. రథము చుట్టు రెండు మారులు తిరిగి, అతుకులను తోకలను వెదకిన చాలును. ఒక్కొక్క జట్టు ఫొటో తీసికొనుటకు వంతుకై నిలిచిన ఆ స్థలమున, రథమునకు వీపు త్రిప్పి నిలుచువారే గాని చుట్టు తిరుగువారు అరుదు. ఆలయపు గోపురములను 1513 లో కృష్ణదేవరాయల దేవేరులు కట్టించిరని శాసనమున్నది. తిరుమలదేవి, చిన్నాదేవి పేర్లను పరీక్షకు కంఠస్థము చేసిన విద్యార్థి ఆ గోపురముక్రిందుగా నడచిపోవుచు దానిని ఎరుగడు.

ఇందుకు గైడును నిందించుట అన్యాయము. ఆతనికి ఇచ్చినది ఇరువది నిమిషములు. ఆతనిని అడిగినది వినోదము. తెనాలి రామకృష్ణుని కథ చెప్పిన నవ్వుదురు. శాసనము చెప్పిన ఆవులింతురు. తెలుగువారి జట్టు వచ్చినదన్న, రాచనగరులో ఒక రాతి పునాదిని చూపి భువనవిజయము ఇదియే యని చెప్పినచో పొంగిపోవుదురు. అష్టదిగ్గజములు కూర్చున్న సభాభవనము ఫలానా చోటనే యుండెనని నిర్ణయించుటకు తగిన ఆధారము లేదు. ఆ పునాదులమీద వరుసగా కనబడు గుంటలు, అక్కడ కొయ్యస్తంభముల మండపములుండి, అవి కాలియో కూలియో పోయినవని మాత్రము చెప్పుచున్నవి. 1565 లో జరిగిన విధ్వంసము పిల్లవానికి అర్థము కావలెనన్న ఆ ఉత్త గుంటలకంటె మంచి పాఠము లేదు. పద్మమహలు, రాణీగారి స్నానవాటిక మొదలగు పేర్లును చాలవరకు తరువాతి వారు పెట్టుకొన్నవే. ఉపాధ్యాయుడు ముందుగా ఇంత తెలిసికొనియున్నయెడల గైడు కథను ఆనందముగా విని, కథయే యని పిల్లలకు చెప్పగలడు. తెలియనియెడల ఆ కథయే మరునాడు తరగతిలో చరిత్రయగును.

యునెస్కోవారు హంపిని 1986 లో ప్రపంచ వారసత్వ స్థలముగా చేర్చుకొనిరి. అక్కడ మిగిలియున్న కట్టడముల ఆనవాళ్ళు 1600 కు పైబడి యున్నవని వారి లెక్క. విహారయాత్రకు వచ్చిన బస్సు ఆగునది ఏడెనిమిది చోట్ల. మిగిలినవన్నియు గొప్పవి కావనుటకు వీలులేదు. నీటి సంగతియే చూడుడు. రాచనగరిలోనికి రాతి స్తంభములపై నిలిపిన తొట్టికాలువ నీరు తెచ్చెను. అక్కడ 1980 దశకపు త్రవ్వకములలో బయటపడిన మెట్ల కోనేరు రాళ్ళమీద, ఏ రాయి ఏ వరుసలో ఏ దిక్కున పెట్టవలెనో శిల్పులు చెక్కుకొన్న గురుతులున్నవి. ఎక్కడనో చెక్కి, లెక్క తప్పకుండ తెచ్చి ఇక్కడ కూర్చిరన్నమాట. వంగి చూచిన పిల్లవానికి ఆ గురుతులు కనబడినయెడల, మహానవమి దిబ్బ ఎత్తెంత అను ప్రశ్నకంటె వేయిరెట్లు మంచి ప్రశ్నలు వాడు అడుగును. ఆనాటి కాలువలలో కొన్నింట నేటికిని నీరు పారుచున్నది. ఆ నీటితో అరటితోటలు పండుచున్నవి. బస్సు కిటికీనుండి చూచువారికి అవి వట్టి తోటలు.

తెలుగు విద్యార్థికి మరియొక దారియు హంపిలో దొరకును. నెల్లూరు జిల్లా ఉదయగిరిని గజపతులనుండి గెలుచుకొన్న రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి, 1515 లో హంపిలో కృష్ణాలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది. గుడి హంపిలో, కొండ ఉదయగిరిలో. ఒక్క జైత్రయాత్ర మూడు ఊళ్ళకు పంచిపెట్టిన పాఠమిది. ఆ గుడివద్ద బస్సులు ఆగకపోవు. కాని సమీపముననున్న ఉగ్రనరసింహుని నిలువెత్తుకు మూడునాలుగింతలైన విగ్రహము ముందు జనము గుమిగూడుటచే, కృష్ణాలయమునకు మిగులునది చాల తక్కువ కాలము.

ఇన్నియు చెప్పుట సులభమే యని ఉపాధ్యాయులు అనవచ్చును. ఏబదిమంది పిల్లలు, ఇద్దరు పంతుళ్ళు, ఒక్క పగలు. రాళ్ళమీద ఎవడు కాలు జార్చునో, ఏటిలో ఎవడు దిగునో యను భయము. సాయంకాలము బస్సు బయలుదేరనియెడల ఇంటివద్ద తల్లిదండ్రుల ఆందోళన. ఈ భయములు నిజమైనవి. బండి యెక్కించిన యెడల పిల్లలు కనులయెదుటనే కూర్చుందురు, లెక్క సరిపోవును. మాటవరుసకు చరిత్రాభిమానము చెప్పి ఈ బాధ్యతను తేలిక చేయరాదు.

ఐనను ఒక మార్గమున్నది. పొద్దుపొడిచిన వెంటనే బస్సు పిల్లలను విరూపాక్షాలయమువద్ద దింపవలెను. పూజ చూచుకొని, హంపి బజారు తూర్పు కొసకు నడచి, అక్కడినుండి తుంగభద్ర వెంబడి పోవు బాట పట్టవలెను. చక్రతీర్థముకడ కోదండరామాలయము, మరికొంత దూరమునకు కుడిప్రక్క అచ్యుతరాయల గుడికి పోవు వెడల్పు వీధి, ఏటిలో పాత వంతెన స్తంభములు, పురందరదాసుల మంటపము, రాజులు తూగిరని చెప్పు తులాభారపు రాతి తోరణము, అన్నియు ఆ బాటమీదనే యున్నవి. మొత్తము రెండు కిలోమీటర్లకు మించదు. ముందొక పంతులు, వెనుకనొక పంతులు నడచిన చాలును. ఏటిలోనికి మాత్రము దిగనీయరాదు. ఆ సుడులు పైకి కనబడవు. కొంచెము ఓపిక గలవారు దారిలో మతంగ పర్వతము ఎక్కవచ్చును గాని, ఏబదిమందితో అది వద్దు. పెద్దపిల్లలు పదిమంది యున్నయెడల, ఉదయము చల్లగా నున్నప్పుడు, పేయస్ ఏ విధముగా చూచియుండునో అట్లు చూడవచ్చును. ఆ రోజు బయలుదేరక ముందే తరగతిలో నల్లబల్లమీద ఈ దారిని గీసి, ఒక్కొక్క తావు ఒక్కొక్క పిల్లవానికి అప్పగించినయెడల, అక్కడ గైడు చెప్పవలసినది వాడే చెప్పును. తప్పులు చెప్పునేమో, చెప్పనిండు, ప్రక్కనే రాయి యున్నది, చూచి దిద్దుకొనవచ్చును.

ఈలోపల ఖాళీ బస్సు కమలాపురము మీదుగా చుట్టు తిరిగి గెజ్జెల మంటపమువద్దకు చేరును. మోకాళ్ళనొప్పుల పంతులుగారు అందులోనే కూర్చుండి వచ్చి, అక్కడ బ్యాటరీ బండి యెక్కి, బజారు వీధిమీదుగా తూర్పు గోపురముకడ దిగుదురు. ఏటి బాటన నడచి వచ్చిన పిల్లలు చెమటలు తుడుచుకొనుచు ఆవరణములో ప్రవేశింతురు. రథము నీడన ఒకరికొకరు కనబడుదురు. పంతులుగారు వచ్చిన వీధిని పిల్లలు ఇంకను చూడలేదు. పిల్లలు వచ్చిన బాటను పంతులుగారు ఇక చూడలేరు. తిరుగు ప్రయాణమున ఆయన బండి ప్రక్కనే వారందరును ఆ కిలోమీటరు నడచుచు, కుదురెగొంబె మంటపమువద్ద ఒక్క నిమిషము ఆపుమని బండి నడుపు ఆమెను బ్రతిమాలుకొనవలసియుండును.