ఆ పిల్లవాడు మైదానానికి ఎలా వస్తాడు?

మహబూబాబాద్ నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. పదవ తరగతి చదువుతున్న ఆమె కుమారుడు సాయంత్రం కాగానే ఫుట్‌బాల్ ఆడటానికి పరుగెడుతున్నాడట. హనుమకొండలో జరిగే జట్టు ఎంపికకు రమ్మని వ్యాయామోపాధ్యాయుడు చెబితే, తండ్రి ససేమిరా అన్నారట. "బంతి తన్నితే కడుపు నిండుతుందా?" అన్నది ఆయన ప్రశ్న. "మా వారిని ఒప్పించాలా, అబ్బాయిని మాన్పించాలా? మీరే చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

ఇంతకు ముందు జనగామ నుండి, భూపాలపల్లి నుండి వచ్చిన ఉత్తరాలలో ఫిర్యాదు వేరు. పిల్లలు గడప దాటరు. అర్ధరాత్రి దాకా ఫోనులో విదేశీ జట్ల ఫైనల్ పోటీలు చూస్తూ కూర్చుంటారు. ఒక ఇంట్లో పిల్లవాడు ఆడుతున్నందుకు బాధ, మరొక ఇంట్లో ఆడనందుకు బాధ. ఈ రెంటికీ జవాబు వెతుకుతూ మేము మన గడ్డపై పుట్టిన ఒక జట్టు చరిత్రను మరల తిరగేశాము.

1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్ జరిగింది. 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైన్యం కోసం మొదలైన పోటీ అది. 1940లో కలకత్తాకు చెందిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు ఒక బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి ఆ కప్పును గెలుచుకున్నది. ఆ తరువాత ఆగిపోయిన పోటీ పదేళ్ళకు, స్వతంత్ర భారతంలో తిరిగి ఆరంభమైంది. ఫైనల్‌లో ఒకవైపు 1889లో స్థాపితమై, 1911లోనే ఆంగ్లేయుల జట్టును ఓడించి దేశమంతటా పేరుమోసిన మోహన్ బగాన్. మరొకవైపు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. మొదటి పోరులో జయాపజయాలు తేలలేదు. మరల ఆడినప్పుడు హైదరాబాదు గెలిచింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా మన జట్టుకే దక్కింది. 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఆ కప్పు హైదరాబాదును వీడలేదు. డ్యూరాండ్ కప్పును మన పోలీసు జట్టు తిరిగి 1954లో, 1957లో, ఆంధ్రా పోలీసు పేరుతో 1961లో గెలుచుకున్నది.

ఆ 1950 ఎటువంటి కాలమో మన పెద్దలకు తెలుసు. సంస్థానం విలీనమై రెండేళ్ళే అయింది. ఎన్నో ముస్లిం కుటుంబాలు కొలువులు పోగొట్టుకున్నాయి. రేపు ఎలా గడుస్తుందోనన్న దిగులు ఇంటింటా ఉండేది. అటువంటి రోజులలో, అధిక సంఖ్యలో ముస్లిం యువకులున్న ఒక జట్టు దేశ రాజధానిలో నిలిచి గెలిచింది. ఆ గెలుపు వెనుక ఉన్నది ఒక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయునిగా పనిచేశారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. పోలీసు జట్టుకూ, తరువాత భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు చిత్రమైనవి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. మరొక పోటీలో బంతిని ఎవరూ తన వద్దే ఉంచుకొని పరుగెత్తరాదు. వెంటనే తోటివాడికి అందించాలి. చేతకానిదాన్ని సాధన చేయడం, చేతిలో ఉన్నదాన్ని పంచుకోవడం ఆయన ఆటలోనే నేర్పారు. ఢిల్లీ ప్రేక్షకులు చూసినది ఒక ఫైనల్. దాని వెనుక ఆ పంతులుగారి ఏళ్ళ శ్రమ ఉన్నది.

మా మనసును అన్నిటికన్నా ఎక్కువగా కదిలించినది ఒక సైకిలు కథ. సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడుండేవాడు. తల్లిదండ్రులు తమిళులు. రహీం గారు అతని ఆట చూసి సాధనకు రమ్మన్నారు. రోజూ హైదరాబాదుకు వచ్చి పోవడానికి తన వద్ద డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పాడు. రహీం గారు అతనికి ఒక సైకిలు ఏర్పాటు చేశారు. కులమతాలను చూడలేదు. "ఆశ ఉన్నవాడు ఎలాగో వస్తాడులే" అని వదిలేయలేదు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేశాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. అప్పటికే రహీం గారి దేహాన్ని క్యాన్సర్ తొలుస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల స్వర్ణాన్ని మరల చూడలేదు.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. అది కొట్టివేయదగినది కాదు. ఆనాడు పోలీసు జట్టులో ఆడినవారికి పోలీసు ఉద్యోగం ఉండేది. ఆటతో పాటే అన్నం దొరికేది. నేడు క్రీడాకోటా ఉద్యోగాలు కొద్ది, ఆశావహులు వేలు. ఆడిన ప్రతి పిల్లవాడూ బలరాం కాడు. కనుక చదువు మాన్పించి బంతి చేతికివ్వమని మేము చెప్పము. అయితే కడుపు నింపనిదల్లా వ్యర్థమనుకోవడమూ సరికాదు. దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం ఆడిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నదే. ఆటను ఆయన ఇంటివారికి నిషేధించలేదు. ఆడపిల్లల విషయంలోనూ మనం ఇది గుర్తుంచుకోవాలి. వారికి అనువైన చోటు చూపకుండా, "ఆడపిల్లకు ఆటలెందుకు?" అనడం న్యాయం కాదు.

ఫోనులో ఆట చూసే పిల్లవాడి సంగతి వేరు. తెర మీద ఇరవై ఇద్దరు పరుగెడుతుంటారు, మనవాడు పడుకొని ఉంటాడు. ఆ తెర మీదే పందెం యాప్‌ల ప్రకటనలు వస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే చట్టంతో నిషేధించింది. జూదం హరామ్ అని ఖుర్ఆన్ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే హెచ్చరించింది. అయినా అప్పుల పాలైన యువకుల వార్తలు ఆగడం లేదు. మైదానంలో అలసి, ఇషా నమాజు చేసి నిద్రపోయే పిల్లవాడికి అర్ధరాత్రి ఆ ఉచ్చులో పడే తీరిక ఉండదు.

అందుచేత మహబూబాబాద్ సోదరికి మేము చెప్పేది ఇది. అబ్బాయిని మాన్పించకండి. అతనితో మూడు మాటలు ఒప్పందం చేసుకోండి: అస్ర్, మగ్రిబ్ నమాజులు తప్పరాదు, పదవ తరగతి పరీక్షకు చదువు తగ్గరాదు, పందేల జోలికి పోరాదు. అతడు మాట నిలుపుకుంటే, ఎంపిక రోజున వారి నాన్నగారే వెంట వెళ్ళాలి. ఒక్కసారి మైదానం అంచున నిలబడి కొడుకు ఆట చూస్తే, ఆయన ప్రశ్న కొంత మెత్తబడుతుందని మా నమ్మకం.

మిగిలిన మాట మన జమాఅత్ పెద్దలకు, సంపన్నులకు. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ఒక జత బూట్లు లేకనో, బస్సు ఛార్జీలు లేకనో ఇంట్లో ఆగిపోయిన పిల్లలు తప్పక ఉంటారు. మస్జిదు నుండి బయటికి వస్తూ వారిలో ఒకరిని పలకరించండి. "నువ్వు మైదానానికి ఎలా వస్తావు బాబూ?" అని అడగండి. రహీం గారు ఆనాడు చేసినది అదే. ఆ ప్రశ్నకు జవాబుగా ఆయన ఇచ్చినది ఒక సైకిలు మాత్రమే.