ఖాళీ తూటాతోనూ కేసు పడుతుందా? ఇంట్లో రీలోడింగ్‌పై మన చట్టం ఏమంటోంది?

అమెరికాలో ఉంటున్న కొడుకో, అల్లుడో వారాంతంలో స్నేహితులతో ఫైరింగ్ రేంజ్‌కు వెళ్తారు. కింద పడిన ఇత్తడి తూటా గొట్టం ఒకటి గుర్తుగా జేబులో వేసుకుంటారు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు అది బ్యాగు అరలోనే ఉండిపోతుంది. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడి విమానాశ్రయంలో స్కానర్ కంట పడితే మాత్రం పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. ఎందుకీ తేడా?

రీలోడింగ్ అంటే?

తూటా పేలినప్పుడు దూసుకెళ్లేది ముందున్న గుండు మాత్రమే. లోపలి మందు కాలిపోతుంది, అడుగున ఉన్న ప్రైమర్ పేలిపోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టం. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ అసలు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చడమే రీలోడింగ్. ఖర్చు తగ్గుతుందని, గురి బాగా కుదురుతుందని అమెరికాలో చాలామంది షూటర్లు ఇంట్లోనే ఈ పని చేసుకుంటారు.

ఏ గొట్టం పడితే అది పనికిరాదు. ఉక్కు, అల్యూమినియం గొట్టాలను సాధారణంగా పక్కన పెట్టేస్తారు. ప్రైమర్ గుంతలో మధ్యన ఒకే రంధ్రం ఉండే ‘బాక్సర్’ రకాన్ని ఎంచుకుంటారు. రెండు రంధ్రాలుండే ‘బెర్డాన్’ రకంలో పాత ప్రైమర్ తీయడం కష్టం. మూతి దగ్గర చీలిక ఉన్నా, అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపించినా ఆ గొట్టాన్ని పారేయాల్సిందే. లోపల లోహం పల్చబడిందనడానికి ఆ గీత గుర్తు. కాల్చిన కొద్దీ గొట్టం సాగుతుంది కాబట్టి కొలిచి, అదనపు పొడవు కత్తిరిస్తారు. .308 విన్చెస్టర్ రకానికి 51.18 మిల్లీమీటర్లు మించకూడదు. పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్లొచ్చు. ఎక్కడ తేడా వచ్చినా ప్రమాదం కాల్చేవారికే.

అక్కడ అభిరుచి, ఇక్కడ తయారీ

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారంగా చేస్తేనే కావాలి. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం అలాంటి తేడా చూపదు. సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అంతకుముందు 3 నుంచి 7 ఏళ్లుగా ఉండేది.

గన్ లైసెన్సు ఉంటే సరిపోదా?

సరిపోదు. ఆయుధం దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు సెక్షన్ 3 కింద వస్తుంది. తయారీ లైసెన్సు వేరు. సాధారణ లైసెన్సుదారు తనకు అనుమతించిన సంఖ్యలో, అధీకృత డీలర్ దగ్గరే తూటాలు కొనుక్కోవాలి.

మరి ఖాళీ గొట్టం సంగతి?

చట్టంలో ‘మందుగుండు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలు, వాటి తయారీ యంత్రాలు కూడా ఉన్నాయి. అయితే సెక్షన్ 45 ఒక మినహాయింపు ఇస్తోంది. తూటాల చిన్న భాగాలను మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే చట్టం వర్తించదు. అంటే ఆ గొట్టం పక్కన ఏముందన్నదే కీలకం. అల్మారాలో గుర్తుగా పెట్టుకున్న ఒక్క గొట్టానికి మినహాయింపు వాదన నిలబడొచ్చు. దాని పక్కనే ప్రైమర్లు, మందు, రీలోడింగ్ ప్రెస్ ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. పైగా తుపాకీ మందు పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకీ వస్తుంది.

పేలని తూటా దొరికితే విషయం మరింత తీవ్రం. లైసెన్సు లేకుండా కలిగి ఉంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకోవడమే ‘కలిగి ఉండటం’ అని సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాగులో పొరపాటున ఉండిపోయిన తూటాలకు సంబంధించి ఢిల్లీ హైకోర్టు పలు ఎఫ్‌ఐఆర్‌లను కొట్టేసింది కూడా. సెక్షన్ 3 ఉల్లంఘనపై విచారణకు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తప్పనిసరి. కానీ ఈ రక్షణలన్నీ కేసు పడ్డాక అక్కరకొచ్చేవే. ఈలోపు విమానం వెళ్లిపోతుంది, కోర్టు చుట్టూ తిరగడం మొదలవుతుంది.

ఏం చేయాలి?

• రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగును ప్రయాణానికి వాడకండి. వాడక తప్పకపోతే ప్రతి అరా దులిపి చూడండి.

• గుర్తుగా అయినా తూటాలు, గొట్టాలు భారత్‌కు తేవద్దని విదేశాల్లోని పిల్లలకు చెప్పండి.

• రీలోడింగ్ సామగ్రి కొనాలనుకునే షూటర్లు ముందుగా లైసెన్సింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగాలి. కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్ ఆ అధికారి.

• చనిపోయిన పెద్దల ట్రంకు పెట్టెలో తూటాలు దొరికితే దాచిపెట్టొద్దు, పారేయొద్దు. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న డీలర్ దగ్గరగానీ జమ చేసి రసీదు తీసుకోండి.