పుట్టకముందే వేలిముద్రా?

విశాఖ ఉక్కుకు, రేవుకు, జనం గొంతుకు నీళ్లు కావాలె. మేం కాదనలేదు. పోలవరం ఎడమ కాల్వలో ఆ నగరానికి 23.44 టీఎంసీలు రాసుకున్నరు. మరి ముంపు ఎవరికి? కోయ, కొండరెడ్డి గూడేలకు!

తెలంగాణ పుట్టింది 2014 జూన్ 2న. పోలవరానికి తెలంగాణ సమ్మతి ఇచ్చినట్లే భావించాలని విభజన చట్టం 90వ సెక్షన్ మార్చిలోనే రాసేసింది. పుట్టని బిడ్డతో వేలిముద్ర వేయించుడు సమాఖ్య ధర్మమా?

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఆ సెక్షన్ మొత్తం చదవండి. పర్యావరణ, అటవీ అనుమతులు, పునరావాస బాధ్యత కేంద్రానిదేనని అందులోనే ఉన్నది. భూసేకరణకు ముందు గ్రామసభను అడగాలని 1996 పెసా చట్టం చెప్తున్నది.

మా సమ్మతిని అడక్కుండ రాసుకున్న ఢిల్లీ, తన బాధ్యతను ఎగ్గొడితే ఊరుకోం. ముందు గూడెం నిలబడాలె, తర్వాతే నీళ్లు నిలపాలె!