పనికి వస్తే సంతకం పెట్టినట్టేనా? – ఖండన ప్రకటన

హైదరాబాద్:

అమెరికా ఆసుపత్రులకు రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అందించే ఒక కంపెనీ, మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక తన హైదరాబాద్ ఉద్యోగులకు పంపిన మెయిల్‌ను మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. మూడు ఆసుపత్రులు గో-లైవ్ అయ్యేదాకా, అంటే పాత సిస్టమ్ ఆపి కొత్తది మొదలుపెట్టేదాకా, వీక్ ఆఫ్‌లు ఉండవని, అదనపు గంటలకు డబ్బు అడగకూడదని, పేచీ ఏదైనా వస్తే ఎవరికి వారు విడిగా కంపెనీ నియమించిన ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరే తేల్చుకోవాలని అందులో రాశారు. వీటన్నిటికన్నా ఘోరమైంది చివరి వాక్యం. సోమవారం లాగిన్ అయితే చాలట, ఈ షరతులన్నీ ఒప్పుకున్నట్టేనట.

కంపెనీ పేరు ఈ ప్రకటనలో రాయడం లేదు. రాస్తే మెయిల్ బయటపెట్టిందెవరా అని వేట మొదలవుతుంది. చివరికి బలయ్యేది ప్రొబేషన్‌లో ఉన్న ఏ కొత్త అమ్మాయో. ఇది తమ గురించేనని యాజమాన్యానికి తెలుసు, అది చాలు.

పనిలోకొస్తే ఒప్పుకున్నట్టే అనే ఆ వాక్యం హైదరాబాద్‌లో పుట్టింది కాదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పేరున్న ఎపిక్ సిస్టమ్స్, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వెరోనాలో ఉంది. 2014 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఉద్యోగులకు ఇలాంటి మెయిలే పంపింది. జీతాల గొడవలు ఎవరికి వారే ఆర్బిట్రేటర్ ముందు పెట్టుకోవాలి, నలుగురూ కలిసి కోర్టుకు వెళ్లకూడదు, పనిలో కొనసాగితే ఒప్పుకున్నట్టే. అయినా జేకబ్ లూయిస్ అనే టెక్నికల్ రైటర్ తనకూ తనలాంటివాళ్లకూ ఓవర్‌టైమ్ ఇవ్వలేదని కోర్టుకెక్కాడు. 2016లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన నిలిచింది. 2018 మే 21న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతిని కోర్టు హాల్లోనే చదివి వినిపించారు. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారా లేదా అన్నది అక్కడ తేలనేలేదు. కలిసి అడగొచ్చా లేదా అన్నదొక్కటే తేలింది. ఒక్కొక్కరినీ విడగొట్టేస్తే ఇక లెక్కలు చెప్పాల్సిన అవసరమే ఉండదని అప్పటినుంచి చాలామంది హెచ్‌ఆర్‌లు నేర్చుకున్నారు.

అక్కడ చెల్లింది కాబట్టి ఇక్కడా చెల్లుతుందనుకుంటే పొరపాటు. గొడవలో ఒక పక్షమైనవాడు తానే ఆర్బిట్రేటర్‌ను నియమించడం కుదరదని మన సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఐటీ కంపెనీలకు తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది షరతులు లేని మినహాయింపు కాదు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, వీక్ ఆఫ్ ఇవ్వాలి, నైట్ షిఫ్ట్ చేసే మహిళలకు వాహనం ఏర్పాటు చేయాలి. 2025 జులై 5న రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి అనుమతిచ్చినప్పుడు మా సంఘం దాన్ని వ్యతిరేకించింది, ఇప్పటికీ వ్యతిరేకిస్తోంది. ఆ ఉత్తర్వులో కూడా వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. కార్మికుడికి అంతగా అనుకూలం కాని ఆ జీవో పాటి మర్యాద కూడా ఈ మెయిల్‌లో లేదు.

అడిగితే యాజమాన్యం దగ్గర ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది: ఇది రోగుల ప్రాణాలతో వ్యవహారం, గంటలు లెక్కపెడతారా అని. ఆ మాటకు మావాళ్లు తలొంచుకుంటారు, ఎందుకంటే అది అబద్ధం కాదు. కాబట్టే గంటలు లెక్కపెట్టాలంటున్నాం. ఒక మందు డోసు మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా అన్నది డ్రాప్‌డౌన్‌లో ఒక్క వరస తేడా. రోగి ఒంట్లోకి వెళ్లాక అది వెయ్యి రెట్ల తేడా. వరసగా పదకొండో నైట్ చేస్తున్న మా సభ్యురాలొకరు తెల్లవారుజామున ఆ పట్టికలో ఒకే వరసను మూడుసార్లు సరిచూశారు. నాలుగోసారి చూశానో లేదో గుర్తు రాక, పక్క సీట్లో కీబోర్డు పక్కనే తలవాల్చి నిద్రపోతున్న సహోద్యోగిని లేపి చూపించారు. అతను చూసి, సరిగ్గానే ఉందన్నాడు. సరిగ్గానే ఉంది కూడా. ఆ రాత్రి ఆమె పనిచేసింది పదమూడు గంటలు. టైమ్‌షీట్‌లో పడింది మాత్రం ఎనిమిది, ఎందుకంటే ఆ గడిలో ఎనిమిదికి మించి కొడితే ఎర్రగా మారి సేవ్ కాదు. ప్రాణాలు నిలిపే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీకి పదమూడు అంకె తీసుకునే గడి రాయడం కష్టమా?

గంటల లెక్క సుకుమారం అనుకునేవారికి ఒక మాట. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి వేసిన లెక్క అది. ఆరోగ్య రంగానికి పనిచేస్తున్నామని చెప్పుకునే కంపెనీ ఇది చదివి ఉండదని మేం అనుకోము.

ఇలాంటి ధోరణికి ఈ రంగంలో పాత చరిత్రే ఉంది. 2001లో కాన్సస్ సిటీలోని సెర్నర్ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి నీల్ ప్యాటర్సన్, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఐదుకీ పార్కింగ్ స్థలం ఖాళీగా కనబడుతోందని మేనేజర్ల మీద మండిపడుతూ మెయిల్ పెట్టారు. అది బయటికి పొక్కి మూడు రోజుల్లో కంపెనీ షేరు 22 శాతం పడింది. అప్పట్లో కార్లు లెక్కపెట్టేవారు. ఇప్పుడు ఉద్యోగి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే, స్క్రీన్ మూల ఉండే పచ్చ చుక్కను లెక్కపెడుతున్నారు. బాత్రూమ్‌కు వెళ్లొచ్చేలోగా అది పసుపు రంగులోకి మారితే టీమ్ లీడ్ నుంచి ఫోన్ వస్తుంది. (లీడ్‌ల మీద మాకు కోపం లేదు. వాళ్ల చుక్కను ఇంకెవరో చూస్తుంటారు.)

గో-లైవ్ అంటే ఏమిటో మాకు తెలియదని కాదు. ఆసుపత్రి ఒక్క పూట ఆగదు. పాత సిస్టమ్ ఆపి కొత్తది ఎత్తుకున్న రాత్రి ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ఆ రాత్రుళ్లు మావాళ్లు ఇష్టంగానే చేశారు, ఇకముందూ చేస్తారు. ఆర్నెల్ల ముందే తేదీ తెలిసిన పనికి మనుషుల్ని తీసుకోకుండా, ఉన్నవాళ్ల ఆదివారాలతో లోటు పూడ్చుకోవడాన్నే ఖండిస్తున్నాం. ఆ అదనపు గంటలకు ఆసుపత్రి దగ్గర బిల్లు వసూలవుతోందా లేదా? అవుతుంటే ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? యాజమాన్యం జవాబు చెప్పాలి.

ఆ మెయిల్‌ను బేషరతుగా వెనక్కి తీసుకోవాలని డిమాండ్ చేస్తున్నాం. టైమ్‌షీట్‌లో నిజమైన గంటలు నమోదు చేయనివ్వాలి, గత మూడు నెలల ఓవర్‌టైమ్‌ను రెట్టింపు వేతనంతో లెక్కకట్టి ఇవ్వాలి. అడిగినవారికి రేటింగ్ తగ్గించడం, పిప్‌లో (పనితీరు మెరుగుదల ప్లాన్‌లో) పెట్టడం, రిలీవింగ్ లెటర్ ఆపడం లాంటివి జరిగితే ఊరుకోం. కార్మిక శాఖ అధికారులు లాగిన్ రికార్డులు, క్యాబ్ ట్రిప్ షీట్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. అబద్ధం ఎక్కడుందో ఒక్క పూటలో తెలుస్తుంది.

సభ్యులకు మా మనవి ఒక్కటే. సోమవారం లాగిన్ అవ్వండి, పని మానకండి. అంతకుముందే ఆ మెయిల్‌కు ఒక జవాబు పెట్టండి: కొత్త షరతులకు నేను అంగీకరించడం లేదు, నా అపాయింట్‌మెంట్ ఆర్డర్ ప్రకారమే పనిచేస్తున్నాను. కంపెనీ మెయిల్‌ను సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేయకండి, దాన్నే సాకు చేస్తారు. ఫోన్లు లాకర్లో పెట్టించే ఫ్లోర్లలో ఉన్నవారు జవాబు పంపిన తేదీ, టైమ్ కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చుకోండి.

– సంఘ కార్యవర్గం